మామత్ కేవ్: చూపరులు చూసినది, చూడనిది

సున్నపురాయి నేలలకు ఒక చిత్రమైన లక్షణం ఉంది. వాన కురుస్తుంది గాని ఏరు పారదు. మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమైన వాననీరు రాతి పగుళ్ళలోకి దిగి, ఆ రాతినే కరిగించుకుంటూ నేల అడుగున దారి చేసుకొంటుంది. పైన మిగిలేవి నేల కుంగిన గుంటలు, ఉన్నట్టుండి మాయమయ్యే వాగులు. ఇటువంటి భూమిని కార్స్ట్ అంటారు. దాని అసలు కథ కంటికి కనబడని చోట నడుస్తుంది. మరి చూడవచ్చినవాడు ఏం చూసి, దేనికి విలువ కట్టి వెళతాడు? అమెరికాలో కెంటకీ రాష్ట్రపు మామత్ కేవ్ ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ళుగా రకరకాల సమాధానాలు చెబుతోంది.

వేల ఏళ్ళ క్రితమే ఆదివాసులు రెల్లు కాగడాలతో ఇందులోకి దిగి గోడల మీది జిప్సం గీరుకొని పోయారు. 1812లో బ్రిటన్‌తో యుద్ధం వచ్చినప్పుడు వ్యాపారుల కన్ను గుహలోని మట్టి మీద పడింది. తుపాకి మందుకు కావలసిన పెట్లుప్పు ఆ మట్టిలో ఉంది. బానిసల చేత మట్టి తవ్వించి, కొయ్య తొట్లలో నానబెట్టించి ఆ ఉప్పు తీశారు. ఆ తొట్లూ, మానులు తొలిచి చేసిన నీటి గొట్టాలూ నేటికీ లోపల ఉన్నాయి. యుద్ధం ముగిసి ధర పడిపోగా, 1816 నుంచి గుహ ఒక చూడదగిన వింతగా మారింది.

1838లో ఫ్రాంక్లిన్ గోరిన్ అనే న్యాయవాది దీనిని కొని, పదిహేడేళ్ళ బానిస స్టీఫెన్ బిషప్‌ను దారి చూపేవానిగా పెట్టాడు. అంతవరకు అందరినీ ఆపిన అగాధాన్ని ఆ కుర్రవాడు నిచ్చెన అడ్డంగా వేసి దాటాడు. ఆవల పాతాళపు నదులు, వాటిలో కళ్ళు లేని చేపలు కనబడ్డాయి. మరుసటి ఏడు గుహ జాన్ క్రోగన్ అనే వైద్యుని చేతికి పోయింది. గుహతో పాటు స్టీఫెన్ కూడా అమ్ముడుపోయాడు. 1842లో అతను జ్ఞాపకం నుంచి గీసిన పటం తరువాత అతని పేరుతోనే అచ్చయింది. దేశదేశాల నుంచి వచ్చిన దొరలను చీకటిలో క్షేమంగా తిప్పి తెచ్చిన ఆ మనిషికి స్వేచ్ఛ 1856లో దొరికింది. మరుసటి ఏడే చనిపోయాడు.

అతను కనుగొన్న నీళ్ళకు వచ్చిన పేర్లు చూడండి: స్టిక్స్, లీథీ. రెండూ గ్రీకు పురాణాల్లో మృతుల లోకపు నదులు. పడవల్లో పాటలు పాడి ప్రతిధ్వని విని మురిసిన ఆనాటి యాత్రికుల వర్ణనల్లో, ఆ నీరు ఎవరి పొలం మీద కురిసిన వాన అన్న ప్రశ్నకు చోటు తక్కువ. ఇక క్రోగన్‌కు గుహలోని గాలి మందుగా తోచింది. 1842-43 చలికాలంలో క్షయరోగులను లోపల కాపురం పెట్టించాడు. వంట పొగ, దీపాల పొగ నడుమ కొందరు అక్కడే పోయారు. క్రోగన్ కూడా 1849లో క్షయతోనే పోయాడు. 1850లో వచ్చిన ఎమర్సన్‌కు, దీపాలు తీసివేస్తే నల్లని కప్పు నక్షత్రాల ఆకాశంలా భ్రమింపజేసిన గది అన్నిటికన్నా గొప్పగా కనబడింది. తన ‘ఇల్యూషన్స్’ వ్యాసాన్ని ఆయన అక్కడి నుంచే ఎత్తుకున్నాడు. పాతాళానికి దిగి ఆకాశాన్ని మెచ్చుకోవడం!

బొర్రా గుహలు చూసిన కళ్ళతో వెళ్ళే మన తెలుగువాళ్ళకు మామత్ కేవ్ కొంత నిరాశ కలిగించవచ్చు. పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు ఇందులో చాలా చోట్ల లేవు. కారణం, సున్నపురాయి మీద ఇసుకరాయి గొడుగులా కప్పి ఉండడం. నీరు పైనుంచి కారదు కనుక ఊడలు దిగవు. కారదు కనుకనే పాత సొరంగాలు కూలక, పూడక నిలిచాయి. ఇంతవరకు కొలిచిన పొడవు 680 కిలోమీటర్లకు పైమాటే, ప్రపంచంలో మరే గుహకూ అంత లేదు. ఆ బోసితనమూ ఈ పొడవూ ఒకే కారణపు రెండు ఫలితాలు. అయినా గొడుగు చిరిగిన చోట ఏర్పడిన ఫ్రోజెన్ నయాగరా రాతి జలపాతమే చాలామందికి నచ్చుతుంది.

చూపరుల డబ్బు కోసం 1920లలో పొరుగు గుహల యజమానులు దారిన పోయే కార్లను ఆపి మరీ పోటీపడ్డారు. కొత్త గుహ కోసం వెతుకుతూ ఫ్లాయిడ్ కాలిన్స్ 1925 జనవరి 30న ఇరుకు సందులో కాలు చిక్కుకొని ఉండిపోయాడు. పైన వేలాది జనం తిరునాళ్ళలా మూగారు. ఫిబ్రవరి 16న అతని దగ్గరకు చేరేసరికి ప్రాణం లేదు. తరువాత ఆ శవాన్ని అద్దపు మూత పెట్టెలో పెట్టి గుహలో ప్రదర్శించారు కూడా. మరుసటి ఏడు జాతీయ వనానికి చట్టం వచ్చింది; 1941లో వనం ఏర్పడింది. అందుకోసం వందలాది రైతు కుటుంబాలు ఊళ్ళు విడిచాయి. తరతరాలుగా దారి చూపిన నల్లజాతి కుటుంబాల కొలువులూ అప్పుడే పోయాయి. (కంప్యూటర్ మిత్రులకు ఒక ముచ్చట: 1970లలో విల్ క్రౌథర్ రాసిన ‘అడ్వెంచర్’ ఆటలోని గుహ ఈ గుహ సముదాయంలోని భాగమే. అతను స్వయంగా అక్కడ కొలతలు తీసినవాడు.)

పైన పడినదే కింద ప్రవహిస్తుందన్న సంగతి అనుభవంలోకి రావడానికి మురుగు కావలసివచ్చింది. వనానికి కొద్ది మైళ్ళలో, హార్స్ కేవ్ ఊరి నడిబొడ్డున హిడెన్ రివర్ కేవ్ ఉంది. ఊరి మురుగంతా అందులోకి దిగి కంపు భరించలేక 1943లో సందర్శన మూతపడింది. చుట్టుపక్కల రైతులకు కుంగిన గుంట అంటే చెత్త పారవేసే చోటు. 1970లలో శాస్త్రజ్ఞులు గుంటల్లోని నీటిలో రంగులు కలిపి, ఏ ఊటలో తేలుతాయో కాచి, నీటి దారులను పటాలకెక్కించారు. వనపు సరిహద్దులను ఆ దారులు లెక్కచేయలేదు. 1989లో కొత్త మురుగుశుద్ధి ఏర్పాటు వచ్చాక హిడెన్ రివర్ కోలుకొని, 1993లో మళ్ళీ తెరుచుకుంది.

ఈ పాతాళపు నీళ్ళలో కళ్ళు లేని, గాజులా పారదర్శకమైన ఒక రొయ్య ఉంది. లోకంలో మరెక్కడా లేదు. దానిని 1983లో అంతరించే ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చారు. టిక్కెట్టు కొని వెళ్ళే యాత్రికునికి అది సాధారణంగా కనబడదు.