రేకు పెట్టెలో కువైట్: కోనసీమ ఖల్లివల్లి కుటుంబాల ముందుజాగ్రత్త

గల్ఫ్‌కు వెళ్లిన గోదావరి ఆడవాళ్ల మీద వచ్చిన రాతల్లో చాలావరకు ఒక్క మాట దగ్గరే ఆగిపోతాయి: మోసపోయారు. ఏజెంటు మోసం చేశాడు, కఫీలు (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) జీతం ఎగ్గొట్టాడు, తెలియక చిక్కుకుపోయారు. ఈ "తెలియక" అన్న మాటతోనే నా పేచీ. రాజోలు, మలికిపురం, ఆచంట, నరసాపురం చుట్టుపక్కల కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లు తిరిగినప్పుడు నేను చూసినవాళ్లకు చాలా తెలుసు. కఫీలు ఇల్లు వదిలి బయటికొచ్చేసి, అకామా (నివాస అనుమతి) లేకుండా అక్కడే ఏదో పని చేసుకుంటున్న మనిషిని మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. ఆ మనిషి ఏ రోజైనా తనిఖీలో దొరికిపోవచ్చునన్న ఎరుకతోనే ఇక్కడి ఇల్లు నడుస్తుంది. ఆ ఎరుక ఎవరి చేతిలో ఉంటుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చట్టం వైపు నుంచి చూసినవాళ్లు ఉన్నారు. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండితేగాని గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లకూడదు. 2016 తర్వాత వాళ్లయినా ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఈ ఆంక్షలే ఆడవాళ్లను దొడ్డిదారికి నెట్టాయని పరిశోధకురాలు ప్రవీణ కోడోత్ వాదించారు. కాదనను. అయితే ఆ చర్చ అంతా విమానం ఎక్కేదాకానే.

నా అసలు తగాదా మరియా మీస్‌తో. నరసాపురం లేసు పనివారి మీద 1982లో ఆమె పుస్తకం రాకపోతే డెల్టా ఆడవాళ్ల శ్రమ ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే మనిషిని తీరిక వేళ అల్లికలు చేసుకునే గృహిణిగా చూడటం వల్లే ఆ కూలి అంత చవకైపోయిందన్నది ఆమె వాదన. ఆ రుణం తీర్చలేనిది. కానీ ఆ పుస్తకం చదివి పెరిగిన మన పరిశోధకుల కంటికి గోదావరి ఇల్లంటే శ్రమ కనుమరుగైపోయే చోటు మాత్రమే అయింది. అదే ఇల్లు లెక్కలు చూసే ఒక కచేరీ కూడా కాగలదని ఎవరికీ తోచలేదు. అరుగు మీద కూర్చుని లేసు అల్లే మనిషి ఎంత దారం తెచ్చుకుందో, ఎన్ని డజన్లు అప్పజెప్పిందో, ఇంకా ఎంత రావాలో నోటిమీదే చెబుతుంది. అకామా గడువునూ ఇవాళ ఆ నోరే లెక్కపెడుతోంది.

మలికిపురం దగ్గర ఒక ఊళ్లో అత్తగారూ ఇద్దరు మనవలూ ఉంటున్న ఇంటికి వెళ్లాను. కోడలు కువైట్‌లో ఆరేళ్లుగా ఖల్లివల్లి. పెద్దావిడ మంచం కిందనుంచి రేకు పెట్టె లాగి తెరిచింది. పైన పిల్లల స్కూలు కాగితాలు, రేషన్ కార్డు. వాటి కింద ఒక ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ జిరాక్సులు మూడు సెట్లు. బతాకాకు (అక్కడి గుర్తింపు కార్డుకు) రెండువైపులా తీసిన ఫొటో. కఫీలు పేరూ ఫోను నంబరూ తెలుగులో రాసిన చీటీ. పక్కన గుడ్డసంచిలో ముడివేసిన డబ్బు.

"ఇది టిక్కెట్టు డబ్బండి. పండక్కి కూడా ముట్టుకోం. పట్టుకున్నారని కబురొచ్చిన రోజున అప్పుకి తిరగకూడదు కదండి."

మూడు సెట్లు ఎందుకన్నాను.

"ఎవరడిగితే వాళ్లకివ్వాలి కదండి. అసలుది బాబా (యజమాని) దగ్గరే ఉండిపోయింది."

ఈ జిరాక్సు విలువ తెలియాలంటే కువైట్ పద్ధతి తెలియాలి. ఇంటిపనివారి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతున్నా, ఇల్లు వదిలి వచ్చేసిన మనిషికి అది చేతికి రాదు. పారిపోయిందని యజమాని ఫిర్యాదు పెడితే అకామా పోతుంది. అలాంటివాళ్లు దేశం వదిలి వెళ్లేందుకు కువైట్ 2018లో జనవరి 29న మొదలుపెట్టిన క్షమాభిక్షను ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. 2024లో మార్చి 17న మొదలుపెట్టి జూన్ 30 దాకా ఇచ్చారు. రోజుకు 2 దీనార్ల చొప్పున 600 దాకా పడే జరిమానా ఆ గడువుల్లో కట్టకుండానే వచ్చేసే వీలుండేది, మళ్లీ వెళ్లే వీలూ ఉండేది. గడువు దాటాక దొరికితే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, తిరిగి అడుగుపెట్టనివ్వరు. గడువులోపల పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్లు నేరుగా విమానాశ్రయానికి పోవచ్చు. లేనివాళ్లు మన ఎంబసీలో అవుట్‌పాస్ (తాత్కాలిక ప్రయాణ పత్రం) తీసుకోవాలి, దానికి తాను భారతీయురాలినని చూపించుకోవాలి. పాత పాస్‌పోర్టు నంబరు ఉంటే ఆ పని సులువవుతుంది. ఆ నంబరు కోనసీమలో మంచం కింద ఉంది.

పెద్దావిడకు ఇంకో సంగతీ తెలుసు: కోర్టు కేసో అప్పు కేసో ఉంటే క్షమాభిక్ష వర్తించదు, ముందు అది తేల్చుకోవాలి. అందుకే అక్కడ ఎవరికీ హామీ సంతకం పెట్టవద్దని కోడలు ఫోను చేసినప్పుడల్లా చెబుతుందట. 2020 ఏప్రిల్ క్షమాభిక్షలో అవుట్‌పాస్ తీసుకున్నవాళ్లు ఇక్కడ విమానాలు ఆగిపోయి వారాల తరబడి శిబిరాల్లో పడి ఉన్నారు. అది విన్నాకే ఆమె మందులూ ఒక జత బట్టలూ ఎప్పుడూ సంచిలో సర్ది ఉంచుకోమని కోడలికి చెప్పింది.

ఇది నిన్న మొన్న నేర్చిన విద్య కాదు. కాకినాడ రేవు నుంచి రంగం (రంగూన్) వెళ్లినవాళ్లను బర్మావాళ్లు పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే పిలిచారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి, 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కట్టుబట్టలతో బయలుదేరారు. పరాయి ఊరు ఏ రోజైనా పొమ్మంటుందన్న జ్ఞాపకం డెల్టా ఇళ్లలో తరతరాలుగా ఉంది, రేకు పెట్టె దాని రూపమే. అత్తగారో తల్లో లేని ఇళ్లలో, ఏజెంటు అప్పు మీద వడ్డీ పెరుగుతున్న ఇళ్లలో ఈ పెట్టె కనిపించలేదన్నదీ నిజమే.

లేచేముందు పెద్దావిడ బతాకా ఫొటో వెనక అంటించిన ఇంకో కాగితం చూపించింది. అరబ్బీలో నాలుగు వరుసలు, మీద ముద్ర. నాకు చదవడం రాలేదు. ఆమె తిప్పి చూపించింది: వెనకవైపు తెలుగులో పెన్సిలుతో అర్థమంతా రాసి ఉంది. పదేళ్లు కువైట్‌లో వంట చేసి వచ్చిన పక్కవీధి ఆవిడ రాసిపెట్టిందట. తారీఖు దగ్గర మాత్రం రెండుసార్లు గీత గీసి ఉంది.