అబ్బకు స్త్రీలింగం

తండ్రి అనే మాటకు స్త్రీలింగ ప్రత్యయం తగిలిస్తే ఏమవుతుంది? తెలుగులో ‘తండ్రురాలు’ అని ఏదో వచ్చి నవ్వు పుడుతుంది. ఇంగ్లీషులో ‘అబెస్’ వస్తుంది. నవ్వితే కుదరదు, లేచి నిలబడాలి. మధ్యయుగపు ఇంగ్లండులో పెద్ద కన్యామఠాన్ని ఏలే స్త్రీకి అది బిరుదు.

మూలం అరమాయిక్ ‘అబ్బా’. మన చర్చిల్లో ‘అబ్బా తండ్రీ’ అని ప్రార్థిస్తున్నప్పుడు వినబడేదీ అదే. గ్రీకు మీదుగా లాటిన్లోకి పోయి ‘అబ్బాస్’, అంటే మఠాధిపతి, అయింది. దానికి ‘ఇస్సా’ చేర్చి ‘అబ్బటిస్సా’ అన్నారు. పాత ఇంగ్లీషువాళ్ల నోట అది ‘అబ్బుదిస్సె’. నార్మన్లు వచ్చాక ఫ్రెంచిలో అరిగిన రూపం పైకొచ్చింది. తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే కదా అని చుట్టరికం కలపబుద్ధవుతుంది గానీ, వద్దు. పసినోటికి తేలిగ్గా పలికే చప్పుళ్లను ఒక్కో భాషా ఒక్కో విధంగా ఇంట్లో పెద్దలకు పంచిపెట్టింది. ‘నన్’ కూడా ఉయ్యాల పక్కన పుట్టిందే. లాటిన్ ‘నొన్నా’ అంటే పెద్దావిడ. ఇటలీలో ఇప్పటికీ అమ్మమ్మా నొన్నాయే, నానమ్మా నొన్నాయే.

మరి మఠంలోని పెద్దావిడకు అమ్మ అనే మాట దొరకలేదా? దొరక్కేం! ఈజిప్టు ఎడారుల్లో తపస్సు చేసుకున్న తొలినాటి క్రైస్తవుల్లో మగపెద్దలు అబ్బాలు, ఆడపెద్దలు అమ్మాలు. సారా అమ్మ, సింక్లెటికా అమ్మ అని పేర్లతో సహా తెలుసు. 6వ శతాబ్దపు బెనెడిక్టు నియమావళి మాత్రం మఠంలో అబ్బది క్రీస్తు స్థానమంది. ఆ నియమావళి కన్యామఠాలకు చేరినప్పుడు కుర్చీతోపాటు కుర్చీ పేరూ వెళ్లింది. కూర్చున్నది ఆడమనిషి కనక చివర ఒక తోక. అమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

పూర్తిగా ఆగలేదు లెండి. 657లో విట్బీ మఠాన్ని స్థాపించిన హిల్డా అక్కడి స్త్రీపురుషులందరినీ ఏలింది. ఎరిగినవాళ్లంతా ఆమెను అమ్మ అనేవారని సన్యాసి బీడ్ తన ఇంగ్లండు చర్చి చరిత్రలో రాశాడు. బిరుదు అబ్బ, పిలుపు అమ్మ.

‘నీ అబ్బ సొమ్మా?’ అని ఎవరైనా అడిగితే షాఫ్ట్స్‌బరీ మఠం మొదటి అధిపతి అవుననగలిగేది. 9వ శతాబ్దంలో ఆ మఠం కట్టించిన ఆల్ఫ్రెడ్ రాజుకు ఆమె సొంత కూతురు ఎథెల్గిఫు. తర్వాతి కాలంలో షాఫ్ట్స్‌బరీ, విల్టన్, బార్కింగ్, వించెస్టర్ అబెస్‌లు నలుగురూ బారన్లలాగా నేరుగా రాజు నుంచే భూములు పొందారు. ఊళ్లున్నాయి, కౌళ్లున్నాయి. పార్లమెంటులో ఆసనం మాత్రం లేదు. పూజాబలి చేయించడానికీ, పాపసంకీర్తనం వినడానికీ మగగురువు రావలసిందే. కొత్త అబెస్‌ను ఎన్నుకోవాలంటే ముందుగా రాజు అనుమతి కావాలి. మాటలో ఉన్న తండ్రి ఊరికే ఉండడు!

ఆ తండ్రి పని చూడాలంటే 1528లో విల్టన్‌కు వెళ్లాలి. అబెస్ చనిపోయింది, కుర్చీ ఖాళీ. ఒకవైపు మఠంలోనే అబెస్ తర్వాతి స్థానమైన ప్రయోరెస్‌గా ఉన్న ఇసబెల్ జోర్డన్. మరోవైపు ఎలినార్ కేరీ. ఈమె యాన్ బొలీన్ తోబుట్టువు మేరీకి ఆడపడుచు, యాన్ అంటే రాజు 8వ హెన్రీ పెళ్లాడాలని తహతహలాడుతున్న మనిషి. చుట్టరికం చాలదా? కానీ విచారణలో ఎలినార్‌కు ఇద్దరు గురువుల వల్ల ఇద్దరు పిల్లలు కలిగారని తేలింది. ఆమెకు ఇవ్వను, ఇసబెల్‌కూ ఇవ్వను అని హెన్రీ యాన్‌కు ఉత్తరం రాశాడు. అయినా రాజు ప్రధాన మంత్రి కార్డినల్ వుల్సీ ఇసబెల్‌నే ఖాయం చేసి, రాజు చేత చీవాట్లు తిన్నాడు. లోపల బతకవలసిన సన్యాసినుల మాట ఈ ఉత్తరాల్లో ఎక్కడా బలంగా వినిపించదు.

చిన్న మఠాలకు అబెస్ ఉండేది కాదు, ప్రయోరెస్సే పెద్ద. లాటిన్ ‘ప్రియోర్’ అంటే ముందున్నవాడు. దీనికీ అదే తోక. తండ్రి లేని మాటకు భూములూ తక్కువే. పోట్లాటలు తక్కువేమీ కాదు. 1441లో బిషప్ తనిఖీకి వస్తే ఆంకర్‌విక్ మఠపు సన్యాసినులు తమ ప్రయోరెస్ బంగారు ఉంగరాల మీద ఫిర్యాదు చేశారు. అప్పు తీర్చడం, కప్పు నేయించడం లాంటి పనులు వదిలి ఉంగరాలేమిటన్నది వాళ్ల బాధయితే, అది నాకు బాగానే అర్థమవుతుంది.

హెన్రీ ఇంగ్లండులోని మఠాలను మూయిస్తున్న రోజుల్లో, 1539లో, విల్టన్ చివరి అబెస్ సెసిలీ బోడెన్‌హామ్ మఠాన్ని రాజుకు అప్పగించి, పింఛను, ఓ ఇల్లు పుచ్చుకుని వెళ్లిపోయింది. బార్కింగ్ మఠమూ ఆ ఏడే పోయింది. ఎసెక్స్‌లో బార్కింగ్ అబెస్ భూములుండిన ఊరికి మాత్రం ఇప్పటికీ ‘అబెస్ రోడింగ్’ అనే పేరు. భూములు చేతులు మారాయి. అబ్బ ఊరి పేరులోనే ఉన్నాడు, తోకతో సహా.