భారతదేశంలో వ్యక్తిగత ఆదాయపు పన్ను: రేట్ల చరిత్ర, రెండు విధానాలు

జీతం, ఇంటి అద్దె, వ్యాపారం లేదా వృత్తి, ఆస్తుల అమ్మకంపై లాభం, వడ్డీ వంటి ఇతర మార్గాలు: ఈ అయిదు దారుల్లో ఒక వ్యక్తికి ఏడాదిలో వచ్చిన రాబడి మీద కేంద్ర ప్రభుత్వం వేసే ప్రత్యక్ష పన్నే వ్యక్తిగత ఆదాయపు పన్ను. 2020 నుంచి దీన్ని లెక్కకట్టే పద్ధతులు రెండయ్యాయి. పాత విధానంలో రేట్లు ఎక్కువ, మినహాయింపులూ ఎక్కువ. కొత్త విధానంలో రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేవు. వీటిలో ఏది మేలన్నది ఏటా లక్షల ఇళ్లలో వచ్చే ప్రశ్న. ఎక్కువ రేటు వేసి మినహాయింపులివ్వాలా, తక్కువ రేటు వేసి అందరినీ ఒకేలా చూడాలా అన్న పాత వాదమే ఈ ప్రశ్నకు మూలం.

తొలి పన్ను

1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో బ్రిటిష్ ఇండియా ఖజానా అప్పుల్లో కూరుకుపోయింది. దాన్ని చక్కదిద్దడానికి లండన్ నుంచి వచ్చినవాడు వైస్రాయ్ మండలిలో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్. ఆయన ‘ఎకనామిస్ట్’ పత్రిక స్థాపకుడు. ఆయన ప్రతిపాదించిన ఆదాయపు పన్ను 1860 జులై 24న అమల్లోకి వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ ఇప్పటికీ ఆ తేదీనే తన దినోత్సవంగా జరుపుకుంటుంది. ఏటా 200 నుంచి 500 రూపాయల మధ్య ఆదాయం ఉన్నవారికి 2 శాతం, అంతకు మించితే 4 శాతం కట్టాలి. శ్లాబులన్న ఆలోచన ఈ గడ్డ మీద అక్కడే మొదలైంది.

ఈ పన్నును అందరికంటే గట్టిగా ఎదిరించినవాడు ప్రభుత్వంలోని వ్యక్తే. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ ప్రెసిడెన్సీ గవర్నర్ సర్ చార్లెస్ ట్రెవెల్యన్, కొత్త పన్నులు జనంలో అసంతృప్తి రేపుతాయనీ, ముందు ఖర్చు తగ్గించుకోవాలనీ వాదించాడు. తన అభ్యంతర పత్రాన్ని పత్రికలకెక్కించడంతో అదే ఏడు పదవి పోగొట్టుకున్నాడు. విల్సన్ కూడా ఆ ఆగస్టులోనే కలకత్తాలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. పన్ను 1865లో ఆగిపోయింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు రకరకాల పేర్లతో వస్తూ పోతూ ఉండి, 1886 చట్టంతో స్థిరపడింది.

1886 చట్టం వ్యవసాయాదాయాన్ని పన్ను నుంచి తప్పించింది. 1860లో భూమి మీది రాబడికి కూడా పన్ను ఉండేది. రాజ్యాంగం కూడా ఈ విభజననే కొనసాగించింది: వ్యవసాయేతర ఆదాయంపై పన్ను కేంద్రానిది, వ్యవసాయాదాయంపై పన్ను రాష్ట్రాలది. అయితే ఉద్యోగమూ పొలమూ రెండూ ఉన్నవారి సంగతి వేరు. 1973 నుంచి వాళ్ల వ్యవసాయాదాయాన్ని రేటు నిర్ణయించడం కోసం మాత్రం లెక్కలో కలుపుతున్నారు. పంట మీద పన్ను పడదు, కానీ పంట డబ్బు వల్ల జీతం పై శ్లాబులోకి వెళ్లవచ్చు. వ్యవసాయాదాయం 5,000 రూపాయలు దాటి, మిగతా ఆదాయం మినహాయింపు పరిమితిని దాటినప్పుడే ఈ లెక్క వర్తిస్తుంది. పొలం కౌలుకిచ్చిన ఉపాధ్యాయుడికీ, మామిడితోట ఉన్న బ్యాంకు ఉద్యోగికీ ఇది ముఖ్యమైన సంగతి. రిటర్నులో చాలామంది విస్మరించేది కూడా ఇదే.

1922 చట్టం మరో మార్పు తెచ్చింది. అప్పటినుంచి రేట్లను మూల చట్టంలో కాక ఏటా చేసే ఆర్థిక చట్టంలో ప్రకటించే పద్ధతి వచ్చింది. బడ్జెట్ రోజున శ్లాబుల కోసం దేశమంతా ఎదురుచూడటానికి కారణం అదే. హైదరాబాద్ రాష్ట్రానికి భారత ఆదాయపు పన్ను చట్టం 1950 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. 1961 చట్టం 1962 ఏప్రిల్ 1న అమలుకు వచ్చి, ఆరు దశాబ్దాలకు పైగా నిలిచింది.

వందకు 97.75

స్వాతంత్ర్యం తర్వాత పన్నును సమానత్వ సాధనంగా చూశారు. ఎక్కువ సంపాదించేవారి నుంచి ఎక్కువ తీసుకోవాలన్న సూత్రం న్యాయమైనదే. అది హద్దు దాటింది 1973-74లో. పై శ్లాబు రేటు 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌ఛార్జి. రెండూ కలిపి 97.75 శాతం. ఏడాదికి రెండు లక్షలు దాటాక సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో మనిషికి మిగిలేది రెండు రూపాయల పాతిక పైసలు. అలాంటి చోట నిజం రాసే రిటర్నును ఆశించడం కష్టం. పన్ను ఎగవేతకు మొదటి కారణం ఇలాంటి అధిక రేట్లేనని సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ కమిటీ 1971 నివేదికలోనే తేల్చింది.

ఆ తర్వాత దిగడం మొదలైంది. 1974లో 77 శాతం, 1976లో 66 శాతం. 1985లో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ 61.875 శాతాన్ని 50కి దించి, ఎనిమిది శ్లాబులను నాలుగు చేశారు. పి.వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉన్న కాలంలో రాజా చెల్లయ్య కమిటీ సూచనల వెలుగులో 1992లో 20, 30, 40 శాతాల మూడు శ్లాబులు వచ్చాయి. 1997లో ఆర్థిక మంత్రి పి. చిదంబరం వాటిని 10, 20, 30 చేశారు. పై శ్లాబుకు ఆ 30 శాతమే నేటికీ ఉంది.

మినహాయింపులు పెరిగిన తీరు

రేట్లు దిగుతున్నా చట్టం సన్నబడలేదు. పొదుపును ప్రోత్సహించడానికి ఒకటి, ఇల్లు కొనడానికి ఒకటి, ఆరోగ్య బీమాకు ఒకటి అంటూ తగ్గింపులు పెరుగుతూ వచ్చాయి. 2005లో వచ్చిన సెక్షన్ 80సి వీటిలో అందరికీ తెలిసినది. ప్రావిడెంట్ ఫండ్, పీపీఎఫ్, జీవిత బీమా ప్రీమియం, పిల్లల ట్యూషన్ ఫీజు, ఇంటి అప్పు అసలు, అన్నీ దాని కిందికే వస్తాయి. దాని పరిమితి మొదట లక్ష, 2014 నుంచి లక్షన్నర.

వీటివల్ల మధ్యతరగతికి మేలు జరిగిందనడంలో సందేహం లేదు. కానీ జనవరి వచ్చేసరికి ఆఫీసులో రుజువులు ఇవ్వాలన్న తొందరలో, అవసరమున్నా లేకపోయినా ఒక పాలసీ కొనేసే అలవాటు కూడా వీటితోనే వచ్చింది. పన్ను కోసం కొన్న బీమా చాలా ఇళ్లలో కుటుంబానికి చాలినంత రక్షణా ఇవ్వలేదు, మంచి రాబడీ ఇవ్వలేదు. పైగా పొదుపు చేయగల స్తోమతు ఉన్నవారికే తగ్గింపు అందుతుంది. అదే జీతంతో అమ్మానాన్నలకు మందులు కొని, చెల్లెలి పెళ్లి అప్పు తీర్చే ఉద్యోగి ఎక్కువ పన్ను కడతాడు. మినహాయింపులు తగ్గించి రేట్లు దించాలని 2002లో విజయ్ కేల్కర్ బృందం సూచించింది. ప్రత్యక్ష పన్నుల కోడ్ పేరుతో 2010లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

కొత్త విధానం

2020 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మధ్యేమార్గం పట్టారు. పాతదాన్ని రద్దు చేయకుండా దాని పక్కనే సెక్షన్ 115బీఏసీ పేరుతో కొత్తదాన్ని నిలబెట్టారు. జీతం నుంచి నేరుగా తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ కూడా లేకపోవడంతో మొదట్లో దానివైపు వెళ్లినవారు తక్కువ. 2023లో ఆ తగ్గింపును చేర్చి, కొత్త విధానాన్నే సహజ ఎంపికగా మార్చారు. అంటే ఏమీ చెప్పకపోతే ఇదే వర్తిస్తుంది. జీతగాళ్ల స్టాండర్డ్ డిడక్షన్ ఇందులో 2024 నుంచి 75,000 అయింది. పాతదాంట్లో 50,000 వద్దే ఆగింది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతాలు, 24 లక్షలు దాటితే 30 శాతం. పాత విధానంలో రెండున్నర లక్షల దాకా సున్నా, 5 లక్షల దాకా 5 శాతం, 10 లక్షల దాకా 20, ఆపైన 30. పాతదాంట్లో 60 ఏళ్లు నిండినవారికి 3 లక్షలు, 80 నిండినవారికి 5 లక్షల పరిమితి ఉంది. కొత్తదాంట్లో వయసు తేడా లేదు. రెండింటిలోనూ పన్ను మీద 4 శాతం సెస్సు ఉంటుంది.

కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదన్న మాట శ్లాబుల వల్ల వచ్చింది కాదు. పడిన 60,000 పన్నును సెక్షన్ 87ఏ రిబేటు తుడిచేస్తుంది. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ కలిసి ఆ హద్దు 12.75 లక్షలవుతుంది. పన్ను వర్తించే ఆదాయం 12.10 లక్షలైతే శ్లాబుల ప్రకారం 61,500 కట్టాలి. కానీ హద్దు దాటినది పదివేలే కాబట్టి, మార్జినల్ రిలీఫ్ వల్ల సెస్సు కాక పన్ను పదివేలకు మించదు. షేర్ల మీద లాభం వంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి మాత్రం ఈ రిబేటు రాదు. భారత్‌లో నివాసి కానివారికీ రాదు. అమెరికాలో ఉంటూ విజయవాడలో ఇళ్లు అద్దెకిచ్చినవారు 4 లక్షలు దాటిన ఆదాయం మీద పన్ను కట్టాల్సిందే.

ఎంచుకోవడం

జీతం పెరిగి పై శ్లాబులో పడితే మొత్తం ఆదాయానికి ఆ రేటే పడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. ఏ భాగానికి ఆ భాగం రేటే.

ఏడాదికి 16 లక్షల జీతం ఉన్న ఉద్యోగిని చూద్దాం. కొత్త విధానంలో 75,000 తీసేస్తే 15.25 లక్షలు. పన్ను 1,08,750, సెస్సుతో 1,13,100. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సి లక్షన్నర, ఆరోగ్య బీమా 25,000, ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు తీసేస్తే మిగిలేది 11.75 లక్షలు. సెస్సుతో కలిపి పన్ను 1,71,600. ఇన్ని తగ్గింపులున్నా పాతదాంట్లో 58,500 ఎక్కువ. రెండూ సమానం కావాలంటే మొత్తం తగ్గింపులు దాదాపు 6.19 లక్షలుండాలి. సాధారణంగా ఇంటి అద్దె భత్యం వంటిది కూడా తోడైతేనే అది కుదురుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ కాక, 24.75 లక్షలు దాటిన జీతానికి కావలసిన తగ్గింపులు 8 లక్షలు.

అద్దె భత్యం మినహాయింపును 1962 నిబంధనలు ముంబయి, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలలో మూల వేతనంలో 50 శాతం దాకా అనుమతించాయి. హైదరాబాద్ ఆ జాబితాలో లేక 40 శాతం దగ్గరే ఆగింది. అద్దెలు అంతగా పెరిగిన నగరానికి అది అన్యాయమే అయింది. ఇక జాతీయ పెన్షన్ పథకంలో యజమాని కట్టే వాటాకు కొత్త విధానంలోనూ మూల వేతనం, కరువు భత్యాల మొత్తంలో 14 శాతం దాకా తగ్గింపు ఉంది. ఈ వెసులుబాటు తెలియక వదులుకునే ఉద్యోగులు ఉన్నారు.

వ్యాపారాదాయం లేనివారు ఏటా విధానం మార్చుకోవచ్చు. యజమానికి ముందు చెప్పిన దానికే కట్టుబడనక్కరలేదు, రిటర్నులో మార్చుకోవచ్చు. గడువు తేదీ దాటాక వేసే రిటర్నులో మాత్రం పాత విధానం దొరకదు. వ్యాపారం, వృత్తి ఆదాయం ఉన్నవారు నిర్ణీత ఫారం ఇచ్చి పాతదానికి వెళ్లాలి. ఒకసారి కొత్తదానికి తిరిగొచ్చాక, ఆ ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి దారి లేదు.

కొత్త విధానంలో తగ్గింపులు పోయాయని ప్రావిడెంట్ ఫండ్‌కూ ఆరోగ్య బీమాకూ స్వస్తి చెప్పడం ప్రమాదకరం. ఆసుపత్రి బిల్లు పన్ను విధానం చూసి రాదు.

1961 చట్టం స్థానంలో వచ్చిన ఆదాయపు పన్ను చట్టం, 2025కు ఆ ఏడాది ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. గత సంవత్సరం, మదింపు సంవత్సరం అన్న జంట లెక్కల బదులు ఒకే ‘పన్ను సంవత్సరం’ ఉంటుంది. రెండు విధానాలనూ ఆ చట్టం కొనసాగించింది. పాతదానికి ముగింపు గడువేదీ పెట్టలేదు.