జపాను క్రియాపదాలూ, మన ఓనమాలూ

కకనై, కకిమసు, కకు, కకెబ, కకో. జపాను భాష నేర్చుకొనేవారు ఎదుర్కొనే తొలి క్రియాపట్టికలలో ఇదొకటి. ‘కకు’ అనగా వ్రాయుట. వ్రాయను, వ్రాస్తాను, వ్రాయు, వ్రాస్తే, వ్రాద్దాం అని వరుసగా అర్థాలు. పదంలోని రెండవ అక్షరాన్ని మాత్రం తీసి ప్రక్కన పెట్టి చదవండి: క, కి, కు, కె, కొ. వీధిబడిలో అక్షరాలు దిద్దినవారెవరికైనా ఇది మన గుణింతమేనని తెలిసిపోతుంది. ఈ పోలిక కాకతాళీయం కాదు. దీని వెనుక వెయ్యేళ్ళకు పైబడిన ఒక ప్రయాణం ఉన్నది. దానిని గురించే ఈ టపా.

నాకీ విషయంపై దృష్టి మళ్ళడానికి కారణం మా మద్దిలపాలెంలో మా వీధి చివర ఉండే ఒక అమ్మాయి. నర్సింగు చదివింది. జపానులో వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి వెళ్ళాలని ఆమె కోరిక. అందుకు తొలిమెట్టుగా ఎన్-5 అనే ప్రాథమిక పరీక్షకు కూర్చుంటున్నది. శిక్షణ ఇచ్చేచోట పాఠమంతా ఇంగ్లీషులో. “ఇంగ్లీషు మీదుగా వెళ్తుంటే బుర్రకెక్కట్లేదండి మాస్టారూ, తెలుగులో చెప్పగలరా?” అని నోటుపుస్తకం పట్టుకొచ్చింది. నాకు జపాను భాష రాదు. వ్యాకరణం వచ్చును. ఆ పుస్తకం చూచిన తరువాత నాలుగైదు నెలలు నేనూ ఆమెతోబాటు చదువుకొన్నాను.

విశాఖకు జపానుతో పరిచయం తీయగా మొదలు కాలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరిమీద బాంబులు వేశాయి. అదే రోజున కాకినాడ మీదనూ వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది, మా ప్రక్కనున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఇరవై ఏళ్ళు తిరగకముందే, 1960లో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడానికి ఒప్పందం కుదిరింది. కిరండూల్ నుండి కొత్తవలసకు కొండలు తొలిచి రైలుమార్గం వేశారు. పెద్ద ఓడలకోసం 1976లో బాహ్య నౌకాశ్రయం వచ్చింది. నైపుణ్యం గల కార్మికులను పంపే విషయమై భారత జపాను ప్రభుత్వాల మధ్య 2021 జనవరిలో అంగీకారం కుదిరింది. 2022లో అచ్యుతాపురంలో యొకొహామా వారి టైర్ల కర్మాగారం తెరుచుకొన్నది. కనుక మా వీధి పిల్లలు ఆ భాష నేర్వడంలో వింతేమీ లేదు.

ఇక గుణింతం సంగతి. చీనా మీదుగా జపాను చేరిన బౌద్ధంతో సంస్కృత మంత్రాలూ, వాటిని వ్రాసే సిద్ధ లిపీ వెళ్ళాయి. 736లో బోధిసేనుడనే భారతీయ భిక్షువు అక్కడికి చేరి, 752లో నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేశాడు. 804లో చీనా వెళ్ళిన కూకాయ్ అనే జపాను భిక్షువు 806లో తిరిగివచ్చి ఆ లిపి అధ్యయనాన్ని పాదుకొల్పాడు. జపాను వారు దానిని ‘షిత్తన్’ అంటారు. సిద్ధం అన్న మాటే అది. మన పూర్వులు ఇసుకలో దిద్దించిన తొలి పలుకులు “ఓం నమశ్శివాయ సిద్ధం నమః”. అందులో ముందుభాగం మనకు ‘ఓనమాలు’ అయితే, ‘సిద్ధం’ జపానుకు లిపి పేరయింది.

ఆ సిద్ధ లిపి చదివిన భిక్షువులే తమ భాషా ధ్వనులను కూడా మన వరుసలో పేర్చారు. 1093లో మ్యోకకు అనే భిక్షువు వ్రాసిన గ్రంథంలో అ, ఇ, ఉ, ఎ, ఒ అనే క్రమం కనబడుతుంది. హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ. ఇందులో రెండు చోట్ల మనకు సందేహం రావాలి. చవర్గ స్థానంలో ‘స’ ఏమిటి? ఆ భాషలో ‘చ’ వేరుగా లేదు, దానికి దగ్గరి ధ్వని ‘స’. పవర్గ స్థానంలో ‘హ’ ఏమిటి? ప్రాచీన జపాను భాషలో అది ‘ప’యే, కాలక్రమాన ‘హ’ అయింది. మన పాలు కన్నడంలో హాలు అయినట్లు, మన పులి అక్కడ హులి అయినట్లు. పలుకు మారినా గది మారలేదు. వెయ్యేళ్ళ క్రిందటి ఉచ్చారణకు ఆ పట్టికే సాక్ష్యం.

క్రియల లెక్క తేలడానికి మాత్రం మరి ఏడు వందల ఏళ్ళు పట్టింది. సిద్ధ లిపి ఎరిగిన కేయ్‌చూ (1640–1701) అనే భిక్షువు ప్రాచీన వర్ణక్రమాన్ని పరిశోధించాడు. ఆ దారిలో వైద్యుడూ మహాపండితుడూ అయిన మొతోఓరి నొరినాగ నడిచాడు. నొరినాగ కుమారుడు హరునివకు ముప్పై దాటిన కొద్దికాలానికే చూపు పోయింది. జీవిక కోసం సూదివైద్యం నేర్చాడు. ఆ అంధుడు, ఇంటివారిచేత చదివించుకొని, వ్రాయించుకొని, 1808లో ‘కొతొబ నో యచిమత’ అనే గ్రంథం వెలువరించాడు. మాటల ఎనిమిది దారుల కూడలి అని చెప్పుకోవచ్చును. జపాను క్రియలన్నీ ఆ గుణింతపు మెట్లమీద ఎలా దిగుతాయో చూచి ఏడు తరగతులు చేశాడు. నాలుగు మెట్లు దిగేవి, రెండు దిగేవి, ఒక్క మెట్టుమీదే నిలిచేవి, దారి తప్పేవి. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1858లో, మనకు చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. చూపు లేని మనిషి ఒక భాషలోని క్రియలన్నిటినీ చెవితో, జ్ఞాపకంతో వడబోశాడన్న సంగతి నేటి శిక్షణ పుస్తకాలలో ఎక్కడా ఉండదు. పిల్లలకు ఒకటో వర్గం, రెండో వర్గం, మూడో వర్గం అని అంకెలు మిగిలాయి. నాలుగు మెట్లు అయిదు కావడం 1946 నాటి లిపి సంస్కరణ తరువాతి మాట.

పరీక్షార్థులకు ఉపయోగపడే సంగతి ఇక్కడినుండి. అందరూ భయపడేది ‘తె’ రూపానికి. యొము (చదువు) అన్నది యొందె అవుతుంది, కకు కైతె అవుతుంది, మత్సు (వేచియుండు) మత్తె అవుతుంది. తబెరు (తిను) తేలికగా తబెతె. మన పిల్లలు దానిని తాబేలు అని నవ్వుకొంటారు. త్రాగడానికి ‘నొము’ అంటారని విని మా ఇంటావిడ, “నోము పట్టి త్రాగడమేమిటి!” అన్నది. ఈ మార్పులను అమ్మాయికి పాటగా కంఠస్థం చేయించారు. పాట మంచిదే గాని, కారణం తెలిస్తే పాట అక్కరలేదు. పూర్వం అవి యొమి+తె, కకి+తె, మచి+తె. వేగంగా పలకడంలో కుదించుకుపోయాయి. ఇది సంధి. సంధి అంటే తెలుగువాడు బెదరనేల?

ఈ ‘తె’ మన క్త్వార్థకమే. “అస ఒకితె, కఓ ఒ అరత్తె, కోహీ ఒ నొందె, గక్కో ఎ ఇకిమషిత.” ఉదయం లేచి, ముఖాన్ని కడిగి, కాఫీని త్రాగి, బడికి వెళ్ళాను. మాటకు మాట, ప్రత్యయానికి ప్రత్యయం పెట్టి చూడండి, ఒక్కటీ చోటు మారలేదు. నేను అన్న మాట అక్కడా లేదు, ఇక్కడా లేదు. దీనినే ఇంగ్లీషులోకి మార్చి, మళ్ళీ వెనుకనుండి ముందుకు త్రిప్పుకొని అర్థం చేసుకోమంటే పిల్ల ఏమవుతుంది? ‘తబెతె మొ ఈ’ అంటే తినవచ్చును అని అనుమతి. విడదీస్తే తిని + ఉను + మంచిది, అనగా తినినను మంచిదే. మన అప్యర్థకం. ‘తబెతె మిరు’ అంటే తిని చూచు. ‘కినో యొంద హొన్’ అంటే నిన్న చదివిన పుస్తకం, క్రియాజన్య విశేషణం. సంస్కృత పదానికి మనం ‘చేయు’ చేర్చి అధ్యయనం చేయు అన్నట్లే, వారు చీనా పదానికి ‘సురు’ చేర్చి బెంక్యో సురు అంటారు.

ఇంత చెప్పి, రెండు భాషలూ అక్కచెల్లెళ్ళని నేననడం లేదు. ఒఓనో సుసుము అనే జపాను పండితుడు తమిళానికీ జపానుకూ చుట్టరికం ఉన్నదని చాలా ఏళ్ళు వాదించాడు. భాషాశాస్త్రవేత్తలలో అత్యధికులు ఒప్పుకోలేదు. నడక ఒకటైనంత మాత్రాన నెత్తురు ఒకటి కానక్కరలేదు.

తేడాలూ ఉన్నాయి. వెళ్ళాను, వెళ్ళాడు, వెళ్ళారు అన్నిటికీ ఇకిమషిత ఒక్కటే. ఈ విషయంలో మనదే కష్టమైన భాష. ఉండుటకు వారికి రెండు క్రియలు: కదిలే ప్రాణికి ‘ఇరు’, వస్తువుకూ చెట్టుకూ ‘అరు’. ఇది పరీక్షలో తప్పక తగులుతుంది. మన మహదమహద్భేదం వంటిదేనని చెప్పబోయి ఆగాను. మనకు పురుషుడు ‘ఉన్నాడు’. స్త్రీ, కుక్క, బల్ల మూడూ ‘ఉన్నది’. వారికి స్త్రీ, పురుషుడు, కుక్క ఒక పంక్తి, బల్ల వేరు. “అయితే మన వ్యాకరణంలో నేనూ బల్లా ఒకటేనాండి మాస్టారూ?” అని అడిగింది. ఏకవచనంలో అంతేనమ్మా, బహువచనంలో నీకు గౌరవం ఉన్నది అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు, నాకూ పూర్తిగా నచ్చలేదు.

ఎన్-5లో 180 మార్కులకు 80 రావాలి. అందులో భాషాజ్ఞానం, పఠనం కలిపి 120కి 38, శ్రవణంలో 60కి 19 విడిగా తెచ్చుకోవాలి. శ్రవణంలో తగ్గితే తక్కినవెన్ని వచ్చినా ఫలితం లేదు. అక్కడ వ్యాకరణ పండితుడి పని ఏముంటుందనుకొన్నాను గాని, ఉన్నది. ‘కితె కుదసాయ్’ అంటే దయచేసి రండి. ‘కిత్తె కుదసాయ్’ అంటే దయచేసి కోయండి. ఒక్క ద్విత్వమే తేడా. ఇంగ్లీషు మాటలో ఇలాంటి ద్విత్వానికి అర్థం మార్చే శక్తి లేదు. గుడికీ గుడ్డికీ, కలకూ కల్లకూ తేడా తెలిసిన మన పిల్లలకు, వేగంగా పలికినా అది వినబడుతుంది.