జకార్తాలో గెలిపించిన హైదరాబాదు మాస్టారు

మన సంఘ సభ్యుల్లో క్రికెట్ కబుర్లు రానివారు లేరు. ఫుట్‌బాల్‌లో మన దేశం రెండుసార్లు ఆసియా విజేత అంటే మాత్రం చాలామంది నమ్మరు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం మనదే. రెండుసార్లూ శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే. ఆయన మొదట బడిపంతులు. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు.

జకార్తాలో తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. ఆపైన థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను గెలిచి ఫైనల్ చేరితే ఎదురుగా మళ్లీ కొరియాయే! తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం గారు ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేశారు. సెప్టెంబరు 4న 2-1తో గెలిచాం.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ స్వర్ణం మళ్లీ మనకు దక్కలేదు.

2024లో ఆయన కథతో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది. అది చూసి మా మనుమడు, "తాతయ్యా, ఈయన మన హైదరాబాదాయనేనట, ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. ఉద్యోగమంతా పాత ఫైళ్లు భద్రపరిచిన నాకు జవాబు తోచలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.