దస్తఖత్ లేని పాఠకులు

మా అబ్బాజాన్ హైదరాబాద్ వెళ్తే అఫ్జల్‌గంజ్ కుతుబ్‌ఖానాకి పోకుండా వచ్చేవారు కాదు. బోర్డు మీద స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అని ఉన్నా ఆయనకది ‘ఆసఫియా’నే. 1891లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ సాహెబ్ మొదలుపెట్టింది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న ఇమారత్‌లోకి 1936లో మారింది. పేరు మార్చింది 1955 చట్టం.

నిజాం జమానాలో ఖర్చు సర్కారు ఖజానాది. 1960 గ్రంథాలయాల చట్టం తర్వాత మనదీ అయింది. ఇప్పుడు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. వసూలు, జమ, ఖర్చు, బాకీ... ఈ లెక్కల మాటలన్నీ తెలుగులోకి మన ఉర్దూ దారినే వచ్చాయి. సెస్సు విషయంలో ఎక్కువగా వినబడేది మాత్రం ఆఖరి మాటే!

సాలానా హిసాబులో పైసలే కాదు, మనుషులూ ఉంటారు. రిజిస్టర్‌లో దస్తఖత్ చేసినవాడే పాఠకుడు. మా ఊరి చిన్న లైబ్రరీకి ఉర్దూ అఖ్బార్ కోసం రోజూ పదిమంది బుజుర్గులు వచ్చేవారు. “అఖ్బార్ చదవడానికి దస్తఖత్ ఎందుకు మియా?” అని నవ్వేసి కూర్చునేవారు. ఒక ఏడు అఖ్బార్ ఆగిపోయింది. అడగడానికి వెళ్తే రిజిస్టర్ తెరిచి చూపించారు. నెల మొత్తానికి ఉర్దూ చదివేవాళ్లు ఇద్దరు!

ఎవరిని అనాలి? మర్నాటి నుంచి అబ్బాజాన్ తెలుగు పేపర్ చదవడానికి వెళ్లినా ఉర్దూలోనే, రెండు గీతల మధ్య పట్టనంత పెద్దగా దస్తఖత్ చేసేవారు. మిగతావాళ్లనీ పట్టుబట్టి చేయించేవారు. అఖ్బార్ మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పటికి ఆ పదిమందిలో ఆరుగురే మిగిలారు.