ద్వీపాంతరవాస భూమిలో దర్శనీయ స్థలములు

వేసవి సెలవులు సమీపింపగానే ఉద్యోగుల కుటుంబములు చల్లని కొండయూళ్ళను తలచుకొనుట పరిపాటి. డార్జిలింగు తేయాకు తోటలు, కాంచనగంగ శిఖరము, టైగరు కొండపై సూర్యోదయము అందరి నోటను వినబడుచుండును. అట్టి కొండయూళ్ళను ఆంగ్లేయులు తమ విశ్రాంతికై నిర్మించుకొనిరి. బంగాళాఖాతము నడుమ, అండమాను దీవులందు సైతము వారికట్టి కొండ విడిది యొకటి యుండెడిది. అయితే ఇచ్చట కొండపై దొరలు విశ్రమించుచుండగా, కొండ దిగువను సంకెలలతో ఖైదీలు అడవులు నరకుచుండిరి. ఈ రెండును కలిపి చూచిననే గాని ఈ పట్టణ చరిత్ర బోధపడదు.

పోర్టు బ్లెయరు పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను నూతన నామము కలిగినది. ఈ పట్టణములోని మిడిల్ పాయింటు ప్రాంతమును బసగా చేసికొన్నవారికి చూడదగిన స్థలములన్నియు చేరువనే యున్నవి. విశాఖపట్టణము నుండి ఓడలో వచ్చిన బంధువులను మనవారు సాధారణముగా మొదట సెల్యులర్ జైలునకు కొనిపోవుదురు. అది గ్రంథమును కడపటి అధ్యాయముతో ఆరంభించుట వంటిది. కాలక్రమము ననుసరించి చూచినచో ఒక్కొక్క స్థలము తరువాతి దానికి త్రోవ చూపును.

చాతము, రాస్ ద్వీపములు

మొదట చూడదగినది చాతము. 1789లో నావికాధికారి ఆర్చిబాల్డు బ్లెయరు తొలి వలసను నెలకొల్పినది ఇచ్చటనే. అది నిలువలేదు. మరి మూడేండ్లకు ఉత్తర అండమానునకు తరలింపబడి, అచ్చట వ్యాధులకు తాళలేక 1796లో ఎత్తివేయబడెను. పిదప ఆరు దశాబ్దములు ఆంగ్లేయులు ఈ దీవులను తలపెట్టలేదు. 1857 నాటి సంగ్రామము వారికి మరల వీనిని జ్ఞప్తికి తెచ్చెను. పట్టుబడిన తిరుగుబాటుదారులను మాతృభూమికి దూరముగ నుంచుటకు సముద్రమును మించిన గోడ లేదని తలంచి, 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకరు 200 మంది ఖైదీలతో ఇచ్చట దిగెను. పారిపోవ యత్నించి పట్టుబడిన ఎనుబదిమందికి పైగా ఖైదీలను అతడు అనతికాలములోనే ఉరి తీయించెను.

నేడు చాతమునందు చూడదగినది 1883లో స్థాపింపబడిన కొయ్యకోత మిల్లు. పడాకు మొదలగు దీవుల కలపకు ఖ్యాతి తెచ్చినది ఇదియే. రెండవ ప్రపంచయుద్ధమునాడు బాంబు పడి యేర్పడిన గొయ్యి యింకను ఆ ఆవరణలో కానవచ్చును.

చాతమునందు మంచినీరు చాలకపోవుటచే దొరలు రాస్ ద్వీపమును ముఖ్యస్థానము చేసికొనిరి. ఇది 2018 నుండి నేతాజీ సుభాష్ చంద్రబోసు ద్వీపము. అబర్డీను రేవునుండి పడవలో స్వల్పకాలములో చేరవచ్చును. ఇంత చిన్న దీవిలో ప్రధానాధికారి భవనము, చర్చి, నృత్యశాల, రొట్టెల బట్టీ, ముద్రణాలయము మొదలగున వన్నియు నుండెడివి. ఇవన్నియు ఖైదీల రెక్కల కష్టమున లేచినవే. 1941 జూనునాటి భూకంపమునకు దీవి దెబ్బతినెను. మరుసటి యేడు జపానువారు ఆక్రమించిరి. ఆ పిమ్మట రాజధాని మరల అచ్చటికి పోలేదు. ఇప్పుడు మఱ్ఱివేళ్ళు ఇటుక గోడలను బిగించి పట్టుకొన్నవి. గోడలు కూలక నిలుచుటకు ఆ వేళ్ళే ఆధారమా యనిపించును. పిల్లలు అచ్చటి జింకలను చూచి మురియుదురు.

అబర్డీను స్మారకము

రాస్ నుండి తిరిగివచ్చి రేవు దిగినవారు అబర్డీను యుద్ధ స్మారకమును చూడక పోరాదు. 1859 మే నెలలో ఈ దీవుల ఆదిమవాసులగు మహా అండమానీయులు తమ అడవిని నరకుచున్నవారిపై దండెత్తిరి. దూధనాథ్ తివారీ యను ఖైదీ అంతకుముందు పారిపోయి వారితో ఒక యేడు జీవించియుండెను. అతడు వారి యత్నమును ముందుగ వచ్చి తెలుపుటచే విల్లమ్ములు తుపాకులముందు ఓడిపోయినవి. తివారీకి క్షమాభిక్ష లభించినది. ఆదిమవాసులకు లభించినది వ్యాధులు. అప్పటికి వేలలోనున్న ఆ జాతి 1961 జనాభా లెక్కలనాటికి 19 మందిగా మిగిలెను. నేడు సుమారు యాబదిమంది కలరు. స్వాతంత్ర్య చరిత్రను గూర్చి గర్వించువారు ఈ స్మారకముచెంత కొంతసేపు తలవంచుట న్యాయము. ఈ భూమిపై మొదటి హక్కుదారులు వీరే కదా!

వైపరు ద్వీపము, హారియట్ కొండ

సెల్యులర్ జైలు కట్టకమునుపు కఠిన శిక్షలకు తావు వైపరు ద్వీపము. అక్కడి ఖైదీలను ఒకే గొలుసునకు కట్టి పని చేయించెడివారు. గుట్టపైనున్న ఉరికంబపు గది రేవులో తిరుగు పడవలనుండియు కానవచ్చును.

రేవునకు ఆవలనున్నదే దొరల వేసవి విడిదియగు హారియట్ కొండ. చాతము నుండి పడవలో బాంబూ ఫ్లాటునకు పోయి, అచ్చటినుండి బండిలో పైకెక్కవలెను. ఎత్తు సుమారు 365 మీటర్లు. 1860ల నాటి అధికారి టైట్లరు భార్య పేర ఈ కొండకా పేరు వచ్చెను. దీనిపై తేయాకు తోటలు లేవు, మంచు శిఖరములు లేవు. దట్టమైన అడవి, క్రింద నీలి సముద్రము, దూరమున ఉత్తరాఖాతపు దీపస్తంభము మాత్రమే కలవు. పాత 20 రూపాయల నోటు వెనుకనున్న దృశ్యము ఇదియే.

1872 ఫిబ్రవరి 8వ తేదీన రాజప్రతినిధి లార్డు మేయో ఈ కొండపై సూర్యాస్తమయమును తిలకించి, చీకటిపడుచుండగా దిగువనున్న హోప్‌టౌను రేవునకు వచ్చెను. పడవ యెక్కబోవుచుండగా షేర్ అలీ యను అఫ్రీదీ ఖైదీ అతనిని కత్తితో పొడిచి చంపెను. భారతదేశమును పాలించిన రాజప్రతినిధులలో ఇట్లు హతుడైనవాడు ఇతడొక్కడే. షేర్ అలీని వైపరు ద్వీపమున ఉరి తీసిరి. 1891 నాటి యుద్ధమున ఓడిన మణిపురపు రాజు కులచంద్ర సింగును, అతని సహచరులను ఈ కొండపైననే నిర్బంధించిరి. అందుచే 2021లో దీనికి మణిపురపు కొండయని పేరు మార్చిరి.

సెల్యులర్ జైలు

ఇప్పుడు జైలునకు పోవచ్చును. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన ఈ కట్టడమునకు నడుమ గోపురము, చుట్టును చక్రపుటాకులవలె ఏడు బారులు నుండెడివి. నేడు మూడు మిగిలినవి. దాదాపు ఏడువందల గదులలో ఒక్కొక్కదాన ఒక్కొక్క ఖైదీ నుండును. ఒక బారు ముఖము మరియొక బారు వీపునకు ఎదురుగ నుండుటచే తోటి ఖైదీ ముఖము చూచు వీలు లేదు. గానుగ త్రిప్పి నూనె తీయుట, కొబ్బరిపీచు కొట్టుట నిత్యకృత్యములు. 1933లో నిరాహారదీక్షవలన మహావీర్ సింగు, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ అసువులు బాసిరి. జపానువారి కాలమున ఇదే జైలులో డాక్టరు దివాన్ సింగు 1944 జనవరిలో చిత్రహింసలకు బలియయ్యెను. 1979లో ఇది జాతీయ స్మారకముగా ప్రకటింపబడెను.

తెలుగువారికి ఈ దీవులతోడి బంధము ఉద్యోగములతోను, చేపల వేటతోను ఆరంభము కాలేదు. గోదావరి మన్యములో కల్లుపై పన్నును, మన్సబుదారు దౌర్జన్యమును సహింపలేక 1879లో చెలరేగిన రంప ఫితూరీ అణగిన పిమ్మట అనేకులకు ద్వీపాంతరవాస శిక్ష పడెను. అప్పటికి సెల్యులర్ జైలు లేదు. వారు చూచినది రాస్, వైపరు దీవుల కాలము. కొండవాగులే తప్ప సముద్రమెరుగని ఆ మన్యపు మనుష్యులకు ఓడ ప్రయాణమే సగము శిక్షయై యుండును. నలుబదియేండ్లు దాటిన పిమ్మట అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922లో అదే మన్యము మరల లేచెను. అతని అనుచరుడు గాము మల్లుదొర ఈ దీవులకు పంపబడి, 1937లో విడుదలయ్యెను. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారియు ఈ జైలులో నుండినవాడే.

మల్లుదొర కథకొక ఉత్తరభాగము కలదు. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్టణమునుండి ఆయన లోకసభకు ఎన్నికయ్యెను. ఒకనాడు ప్రభుత్వ శత్రువుగా ద్వీపాంతరము పోయిన గిరిజనుడు ఆ ద్వీపములకు సైతము శాసనములు చేయు సభలో కూర్చుండెను. కేంద్రప్రభుత్వపు కొలువులో నున్నవారు తమ కార్యాలయపు గద్దెల విలువ నెరుగుటకు ఇంతకుమించిన ఉదాహరణ మక్కరలేదు.

మరల మిడిల్ పాయింటునకు

తిరుగుదారిలో మిడిల్ పాయింటు చెంతనున్న మానవశాస్త్ర ప్రదర్శనశాలను చూడవలెను. 1975లో నెలకొల్పబడిన దీనిలో జారవా, ఓంగీ, సెంటినలీ, నికోబారీ మొదలగు జాతుల పనిముట్లు, పడవలు, గుడిసెల నమూనాలు కలవు. అబర్డీను స్మారకముచెంత మొదలైన ఆలోచన ఇచ్చట పూర్తియగును. ఆవల జంగ్లీఘాటున శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి వచ్చిన జాలరి కుటుంబముల తెలుగుమాట వినబడును. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులందు నూటికి సుమారు 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పుకొనిరి.

సెల్యులర్ జైలులో సాయంకాలపు దీపధ్వని ప్రదర్శనమున ఆవరణలోని రావిచెట్టు కథ చెప్పునట్లు కల్పించిరి. ఆ కథలో ప్రసిద్ధులందరును వచ్చుచుందురు. రంప కొండలనుండి వచ్చి తిరిగిపోనివారి పేర్లు మాత్రము మనలో పెక్కురకు తెలియవు. ఆ లోటు తీర్చుట తల్లిదండ్రుల పని. కొండపై దృశ్యమును చూపునపుడు కొండ దిగువ కథను, జైలు గదిని చూపునపుడు మన్యపు మల్లుదొరను పిల్లలకు చెప్పినచో, బదిలీపై ఈ దీవులు విడిచిపోవు కుటుంబములు గవ్వలతోపాటు కొంత చరిత్రను గూడ ఇంటికి కొనిపోగలవు.